పడవ పుస్తకం, తొంభై ఆరో పేజీ

మా బడిలో గ్రంథాలయం ఉందన్న సంగతి, దాని బాధ్యత నా నెత్తిన పడేదాకా నాకు తెలియదు. నేను డ్రిల్లు మేష్టారిని. విజిల్ వేయడం, మైదానంలో సున్నంతో గీతలు గీయించడం, కబడ్డీలో జుట్లు పట్టుకున్న వాళ్ళని విడదీయడం నా పని. తెలుగు మేష్టారికి ఓటర్ల జాబితా పని ఉంది. సైన్సు మేడమ్‌కి రోజూ మరుగుదొడ్ల ఫోటోలు తీసి పైకి పంపే పని ఉంది. ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణేనని మా హెడ్మాస్టారు సన్యాసిరావు గారు తేల్చి తాళం చెవి నా చేతిలో పెట్టారు.

గ్రంథాలయమంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. ఒక చిన్న గది, రెండు ఇనప బీరువాలు, ఒక బల్ల, పదకొండు వందల నలభై ఆరు పుస్తకాలు. ఒక బీరువా తెరుచుకోవాలంటే తలుపుకి మోకాలితో ఒక్కటివ్వాలి. ఈ బాధ్యత డ్రిల్లు మేష్టారికి ఇవ్వడం వెనక అదీ ఒక కారణమై ఉంటుంది.

అయితే ఆ గది ఎలా నడవాలో నేను రాకముందే పిల్లలు ఏర్పాటు చేసేసుకున్నారు. మధ్యాహ్నం భోజనాలై, పళ్ళాలు కడుక్కున్నాక గంట కొట్టడానికి ఇంకో అరగంట ఉంటుంది. ఆ అరగంటా ఎనిమిదో తరగతి సంతోషి గుమ్మంలో కూర్చుని ఒక పుస్తకం పైకి చదువుతుంది. పక్కన నూకరత్నం కూర్చుని వింటుంది. నూకరత్నానికి పుట్టుకతోనే చూపు లేదు. ఆ పిల్ల కోసం మొదలైన చదువు అది. మెల్లగా ఆ తరగతి పిల్లలు ఒకరొకరే చేరి, వరండా నిండి, మెట్ల మీదకి కూడా వచ్చేశారు. ఒకసారి నేను లెక్కపెడితే, వీళ్ళిద్దరూ కాక ముప్పై ఎనిమిది మంది ఉన్నారు.

వాళ్ళు చదువుతున్న పుస్తకానికి అట్ట లేదు. మొదటి ఆరు పేజీలు కూడా లేవు. పేరేమిటో, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ఏడో పేజీలో కథ సగం వాక్యంతో మొదలవుతుంది. వేటకి వెళ్ళి తిరిగిరాని తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోలయ్య అనే ముసలాయన ఒక్కడే పడవేసుకుని సముద్రం మీదకి పోతాడు. పిల్లలు దాన్ని పడవ పుస్తకం అంటారు. నూకరత్నం చెవి ఎంత చురుకంటే, సంతోషి గంట కొట్టేస్తారన్న తొందరలో ఒక లైను దాటేసినా ఊరుకోదు.

"ఓలే, లైను మింగేసినావు. పడవలో నీళ్ళెప్పుడొచ్చాయి? ముందు సిల్లు పడాల కదా," అనేది.

సంతోషి వెనక్కి చూసుకుంటే నిజంగానే లైను పోయేది. మళ్ళీ చదివేది.

తొంభై ఆరో పేజీ చివర, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని చోట, పోలయ్యకి దూరంగా ఒక వెలుగు కనబడుతుంది. అంతలో గంట కొట్టారు. ఆ వెలుగు ఎవరిదన్న దాని మీద ఆ రోజు నా డ్రిల్లు పీరియడ్‌లో పెద్ద తగువు జరిగింది. తమ్ముడిదే అని సగం మంది, దొంగల పడవని సగం మంది. నేను విజిల్ వేసినా ఎవరూ వినలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తెలుసుకోవాలనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది.

సర్వసమ్మిళిత గ్రంథాలయ పథకం అని దాని పేరు. బడిలో ఏ ఒక్క విద్యార్థీ వెనకబడరాదని, గ్రంథాలయంలోని ప్రతి పుస్తకమూ ప్రతి విద్యార్థికీ సమానంగా అందుబాటులో ఉండాలని రాసుంది. చదివి సంతోషించాను. మంచి మాటే కదా. దాని వెనకే ఒక యాప్ వచ్చింది. యాప్ వెనకే సమ్మిళిత విద్యా సమన్వయకర్త విశ్వనాథం గారు జీపులో దిగారు. ఆయన చొక్కా జేబులో మూడు కలాలు ఉన్నాయి గాని సంతకాలన్నీ ట్యాబ్ మీద వేలితోనే పెడతారు.

యాప్‌లో ప్రతి పుస్తకానికీ ఒకటే ప్రశ్న. "ఈ గ్రంథమును స్వయముగా వినియోగించుకొనుటలో విద్యార్థుల మధ్య వ్యత్యాసము ఉన్నదా?" ఉన్నది, లేదు అని రెండు గళ్ళు.

"మొదలుపెడదాం," అన్నారు విశ్వనాథం గారు. "మీ పాఠశాలలో ధ్రువపత్రం కలిగిన ప్రత్యేక అవసరాల విద్యార్థులెందరు?"

"ఒక్కర్తేనండి. నూకరత్నం," అన్నారు హెడ్మాస్టారు.

"ఆ బాలిక ఈ పుస్తకాన్ని స్వయంగా చదవగలదా?"

"చదవలేదండి. స్నేహితురాలు చదివి వినిపిస్తుంది," అన్నాను నేను కొంచెం గర్వంగా.

ఆయన తలెత్తి నావైపు జాలిగా చూశారు. "మేష్టారూ, దాన్ని శాఖాపరమైన పరిభాషలో పరాధీన పఠనం అంటారు. ఒక విద్యార్థి మరొక విద్యార్థి మీద ఆధారపడే స్థితిని మనం ప్రోత్సహించరాదు. పథకం యొక్క ఆత్మకే అది విరుద్ధం."

ఉన్నది అని నొక్కారు. పుస్తకం ఎర్రగా మారింది. ఎర్రబడిన పుస్తకాన్ని వివక్షాపూరిత గ్రంథం అంటారట. అలాంటివి విద్యార్థుల కంటపడకూడదు. సాయంత్రం నాలుగయ్యేసరికి పదకొండు వందల నలభై అయిదు పుస్తకాలు ఎర్రబడ్డాయి. పడవ పుస్తకం కూడా వాటిలోనే పోయింది. పేరు లేదు కనుక దాన్ని "అనామక గ్రంథము, పేజీలు 7 నుండి 131" అని రాసుకున్నారు.

చివరికి మిగిలింది ఒక అట్లాసు. దాన్ని చెదలు తినేశాయి. తెరిస్తే ఖండాలూ సముద్రాలూ కలిసిపోయి పొడి రాలింది. పారేద్దామని చెయ్యి చాపాను. విశ్వనాథం గారు ఆపారు.

"దీన్ని మీరు చదవగలరా?"

"చదవలేనండి."

"హెచ్ఎమ్ గారూ, మీరు?"

"ఎవరివల్లా కాదండి."

"ఆ అంధ బాలిక చదవగలదా?"

"ఆ పిల్లవల్లా కాదండి."

"మరి వ్యత్యాసం ఎక్కడుంది?" అని లేదు నొక్కారు. అట్లాసుకి పచ్చటి టిక్కు పడింది. తెర మీద అభినందనలు అని వచ్చింది. "చూశారా, సమానత్వం అసాధ్యమేమీ కాదు. సంకల్పం ఉండాలి," అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

వేళ్ళతో తడిమి చదివే బ్రెయిలీ పుస్తకాలు తెప్పించవచ్చు కదా అని అడిగాను. అది మూడవ దశ అన్నారు. ఇప్పుడు మనం మొదటి దశలో ఉన్నాం. రెండవ దశ ఏమిటని అడిగితే, మొదటి దశ మీద నివేదిక అన్నారు.

పుస్తకాలన్నీ గోనె సంచుల్లోకి ఎక్కించి, లక్క ముద్ర వేసి, నా ఆటసామాన్ల గదిలోనే పెట్టారు. పైకి చదవడం తదుపరి ఉత్తర్వుల వరకు నిషేధం. సంచుల గది తాళం నా జేబులోనే ఉంది. ముద్ర తీసి ఒక్క పుస్తకం బయటికి తీయడం నాకు నిమిషం పని. ఉద్యోగం గుర్తొచ్చి తీయలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు భోజనాలయ్యాక పిల్లలు అలవాటుగా వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపల బల్ల మీద ఒంటరిగా ఉన్న అట్లాసుని చూసి వెళ్ళిపోయారు. వెళ్తూ ఎవరో అన్న మాట నాకూ వినబడింది. "ఇదంతా రత్నం వల్లే." పిల్లలు కదా, యాప్ ఏం చెప్పిందో అదే అన్నారు.

నూకరత్నం మాత్రం వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మేస్టారండీ, పుస్తకాలు నా వల్ల పోనాయండీ?"

"నీ వల్ల కాదమ్మా. నీ కోసం."

"నా కోసమైతే నాకు ఇనబడాల కదండీ," అంది. ఆ అమ్మాయి కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. గంట ఇంకా కాకుండానే విజిల్ వేశాను.

ఈలోగా మొదటి దశ పనులు జోరుగా సాగాయి. గ్రంథాలయం గుమ్మానికి ర్యాంపు కట్టారు. ర్యాంపు మీద ఆకుపచ్చ తివాచీ పరిచారు. గోడ మీద గ్రంథాలయం అని బ్రెయిలీలో రాయించారు. పెయింటరు మంచి పనివాడు. చుక్కలన్నీ ఒకే సైజులో, నిగనిగలాడే నీలం రంగుతో వేశాడు. పిల్లలు ముట్టుకుంటే రంగు పాడవుతుందని దాని ముందు ఇనప గొట్టం అడ్డం పెట్టించారు.

అంతా అయ్యాక యాప్ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. మా సమానత్వ సూచిక నూటికి నూరు. ఉన్నది ఒక్క పుస్తకం, దాంట్లో వ్యత్యాసం లేదు. కాని కనీసం అయిదు వందల పుస్తకాలు లేనిదాన్ని గ్రంథాలయంగా పరిగణించరాదని వేరే నిబంధన ఉందట. హెడ్మాస్టారి గదిలో విశ్వనాథం గారు, హెడ్మాస్టారు, నేను ట్యాబ్ చుట్టూ కూర్చున్నాం. విశ్వనాథం గారు పరిష్కార మార్గం అన్న మీట నొక్కారు. కాసేపు ఏదో గుండ్రంగా తిరిగి, ఒక వాక్యం వచ్చింది.

"వ్యత్యాస కారకములు: ఒకటి. సదరు కారకమును బదలాయించినచో 1,145 గ్రంథములు అర్హత పొందును."

హెడ్మాస్టారు రెండుసార్లు చదివి, "కారకం అంటే ఏటండీ?" అన్నారు.

"సదరు బాలిక," అన్నారు విశ్వనాథం గారు. "పట్నంలో ప్రత్యేక పాఠశాల ఉంది. వసతి ఉంది. ఆమెకూ శ్రేయస్కరం, పథకానికీ శ్రేయస్కరం."

నేను ఏదో అనబోయాను. "మేష్టారూ, రెండు వందల పదమూడు మంది పిల్లలకి పుస్తకాలు వద్దంటారా?" అన్నారాయన. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పుస్తకాలు తీసేసిందీ ఆయనే. అప్పుడు తట్టలేదు.

నూకరత్నం వాళ్ళమ్మ ఎర్నమ్మ జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. పిలిపిస్తే, జీడి మరకలున్న చేతులు కొంగులో దాచుకుని వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా గుంట సదువులో ఎనకబడిందా బాబూ?" అని అడిగింది.

"అబ్బే, ముందుంది," అన్నారు హెడ్మాస్టారు.

"అల్లరి సేస్తందా?"

"లేదమ్మా. అలాటిదేం లేదు."

"మరేటి తప్పు సేసింది?"

విశ్వనాథం గారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, ప్రభుత్వ సదుద్దేశం ఏమిటంటే, విద్యార్థులందరూ ఎలాంటి తేడా లేకుండా ఒకే గొడుగు కిందికి రావాలి. ఎవరూ వేరు కాదు. అందరూ కలిసి ఉండాలి. ఆ మహత్తర లక్ష్యసాధనలో భాగంగా మీ అమ్మాయిని పట్నం పంపిస్తున్నాం."

ఎర్నమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"అందర్నీ కలపడానికి మా పిల్లని ఇడదీస్తారా బాబూ?"

హెడ్మాస్టారు బదిలీ కాగితం ముందుకు జరిపారు. ఎర్నమ్మకి సంతకం రాదు, వేలిముద్ర వేసింది. జీడి రసానికి గీతలరిగిపోయిన వేలు కదా, ముద్ర సరిగా పడలేదు. మూడుసార్లు వేయించారు.

వెళ్ళే రోజు నూకరత్నం బడి అంతా చేత్తో తడుముకుంటూ తిరిగింది. సంతోషి చెయ్యి పట్టుకుని నడిపించింది. గ్రంథాలయం దగ్గరికి వచ్చాక, "ఇక్కడేదో నీకోసం రాసినారంటలే," అంది సంతోషి. ఇనప గొట్టం పై నుంచి వంగి నూకరత్నం గోడ మీద చెయ్యి వేసింది. అటూ ఇటూ రాసింది.

"గోడ నున్నగుందే," అంది.

బస్సు ఎక్కేముందు నూకరత్నం స్నేహితురాలికి ఒకటే అప్పగింత పెట్టింది. "ఆ ఎలుగు ఎవులిదో తెలిస్తే సెప్పే."

సోమవారం లక్క ముద్రలు తీశాం. పదకొండు వందల నలభై అయిదు పుస్తకాలు బీరువాల్లోకి తిరిగొచ్చాయి. పైకి చదవడం మీద నిషేధం మాత్రం ఎత్తలేదు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పెద్ద అధికారి ఒకాయన ర్యాంపు మీదుగా నడిచివచ్చి రిబ్బను కత్తిరించి, సమ్మిళిత విద్య మన రక్తంలోనే ఉందని గంటన్నర మాట్లాడారు. ఎండలో నిలబడ్డ ఆరో తరగతి పిల్లలు ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. జిల్లాలో ఉత్తమ సమ్మిళిత గ్రంథాలయంగా మాకు జ్ఞాపిక ఇచ్చారు. దానిమీద ఒక చిన్నారి పుస్తకం చదువుతున్న బొమ్మ ఉంది.

ఆ మర్నాటి నుంచి ఎవరూ రాలేదు.

రెండు రోజులు చూశాను. మూడో రోజు నాకు ఒళ్ళు మండింది. ఇంత జరిగి పుస్తకాలు వస్తే ఒక్కడూ ముట్టుకోడేమిటని, డ్రిల్లు పీరియడ్‌లో ఆ ముప్పై ఎనిమిది మందినీ వరసలో నిలబెట్టి గ్రంథాలయానికి నడిపించాను. తలొక పుస్తకం చేతిలో పెట్టి చదవమన్నాను. అందరూ బుద్ధిగా తల దించుకుని కూర్చున్నారు. పది నిమిషాలైనా ఎవరూ పేజీ తిప్పలేదు. సింహాద్రి అనే పొడుగాటి కుర్రాడి దగ్గరికి వెళ్ళి చదవరా అంటే, అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని మూడో మాట దగ్గర ఆగిపోయాడు. పక్కవాణ్ణి అడిగాను. ఆ పక్కవాణ్ణి అడిగాను. వరస చివరిదాకా అదే కథ.

"మరి ఇన్నాళ్ళూ ఎలారా?" అన్నాను.

సింహాద్రి నేల చూస్తూ చెప్పాడు. "రత్నం కోసమని సంతోషి సదివేదండి. మావు ఎనక కూసునీవోళ్ళం. మాకు రాదని ఎవులికీ తెలిసీది కాదండి."

నేను ఇరవై ఏళ్ళుగా ఉపాధ్యాయుణ్ణి. వాళ్ళని రోజూ పరుగెత్తించాను గాని ఒక్కనాడూ చదివించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఈ సంగతి చెబితే హెడ్మాస్టారు కంగారు పడ్డారు. "రికార్డు ప్రకారం వాళ్ళకి చదవడం వచ్చండీ మేష్టారూ. ఎనిమిదికి వచ్చేశారంటే వచ్చినట్టే. చూపు లేదంటే ధ్రువపత్రం ఉంటుంది. చదవడం రాదంటే ధ్రువపత్రం ఎవరిస్తారు? మీరు లేనిపోని కారకాలు పుట్టించకండి," అన్నారు.

సంతోషికి మాత్రం చదవడం వచ్చు కదా. పడవ పుస్తకం తీసి ఆ పిల్లకి ఇచ్చాను. వారం తరవాత అడిగితే పుస్తకం తిరిగి తెచ్చింది.

"అయిపోయిందా? వెలుగు ఎవరిది?"

"సదవలేదండి. రత్నం నేకుండా సదవబుద్ధి కాలేదండి."

ఆ ఆదివారం వాళ్ళ నాన్నకి చెప్పి, సంతోషిని తీసుకుని పట్నం బస్సెక్కాను. పడవ పుస్తకం నా సంచిలో ఉంది. లక్క ముద్ర తీసే ధైర్యం ఎలాగూ లేకపోయింది, బస్సు ఎక్కే ధైర్యమైనా ఉండాలి కదా. ప్రత్యేక పాఠశాల మంచిదే. వార్డెనమ్మ ఆప్యాయంగా మాట్లాడింది. నూకరత్నం చుక్కల అక్షరాలు నేర్చుకుంటోంది, వేలు పెట్టి తన పేరు చదివి చూపించింది. ఆ చుక్కలు నిజంగా ఎత్తుగా ఉన్నాయి. ఇదే చుక్కల పుస్తకం మా బడికి వస్తే ఎవరి సొమ్ము పోయేదో నాకు అర్థం కాలేదు.

వరండాలో ముగ్గురం కూర్చున్నాం. సంతోషి పుస్తకం తెరిచింది. తొంభై ఆరో పేజీ దగ్గర ఆనవాలుగా పెట్టిన కోడి ఈక అలాగే ఉంది. గొంతు సవరించుకుంది. నేనూ కాస్త ముందుకు వంగాను.

నూకరత్నం చెయ్యి చాపి పేజీ మీద పెట్టింది.

"సదవకే."

"అదేటే? నీకోసమే కదా ఇంత దూరం ఒచ్చాం."

"సింహాద్రోళ్ళు ఇన్నారా?"

"నేదు. పైకి సదవకూడదంట."

"ఆళ్ళందరూ ఆ ఎలుగు కాడే ఉండిపోనారు కదే. నానొక్కదాన్నే ముందుకి ఎలా ఎలిపోతాను?"

నేను నచ్చచెప్పబోయాను. నూకరత్నం తల అడ్డంగా ఊపింది. "మీరు అక్కడ సదివించండి మేస్టారూ. నానొచ్చినప్పుడు. అందరం ఇందాం." సంతోషి ఈకని మళ్ళీ అదే చోట పెట్టి పుస్తకం మూసింది. తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒకసారి తెరిచి చూద్దామనుకుని, తెరవలేకపోయాను.

సోమవారం గ్రంథాలయం వార్షిక పరిశీలన. ప్రతి పుస్తకాన్నీ మళ్ళీ యాప్‌లో ఎక్కించాలి. పడవ పుస్తకం వంతు వచ్చింది. "ఈ గ్రంథమును స్వయముగా వినియోగించుకొనుటలో విద్యార్థుల మధ్య వ్యత్యాసము ఉన్నదా?" అని అడిగింది.

సంతోషి చదవదు. నూకరత్నం వినదు. మిగతా ముప్పై ఎనిమిది మందికీ చదవడం రాదు. నేను తెరవలేను. చాలాసేపు ఆలోచించి, లేదు అని నొక్కాను.

పచ్చటి టిక్కు పడింది. అభినందనలు అని వచ్చింది. పుస్తకాన్ని తీసుకెళ్ళి బీరువాలో, చెదలు తిన్న అట్లాసు పక్కన పెట్టాను.